శనివారం కాఫీ, చింపేసిన అధ్యాయం

పోయిన ఆదివారం బూన్ లే పేటలో మా అమ్మాయి ఇంటికి వెళ్తే మనవరాలు చరిత్ర ప్రాజెక్టు ముందేసుకుని కూర్చుంది. ఐరోపాలో పెద్దలు చెప్పిన ప్రతిదాన్నీ తర్కంతో తూచడం మొదలైన పద్దెనిమిదో శతాబ్దంలోంచి ఎవరో ఒకరి గురించి రాయాలట. ఆ మాట వినగానే జంతికల పళ్ళెం పక్కన పెట్టేసి, నాకొకాయన తెలుసే అని కేకేసినంత పని చేశాను. ఆయన మతగురువు, చరిత్రకారుడు, బడిపంతులు. నా పడుచుతనంలో ఒక వారమంతా నాకు కుదురు లేకుండా చేసిన మనిషి.

అప్పుడు నేను ఈ దేశానికి కొత్తగా వచ్చి సైన్స్ పార్కులో చేరిన తెనాలి కుర్రాణ్ణి, ఆంగ్ మో కియో పేటలో గది అద్దెకు తీసుకుని ఒక కరీంనగర్ మిత్రుడితో కలిసి ఉండేవాణ్ణి. శనివారం పొద్దున్నే, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి కాఫీకి వెళ్తే అక్కడ ఒక ఫాదర్ గారు పరిచయమయ్యారు. చర్చి బడిలో చరిత్ర చెప్పి రిటైరైన పెద్దాయన, తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం; తిన్నారా అని అడగడానికి 'మకాన్ ఆచ్చా' అనేవారు, అందులో తెలుగు ఎక్కడుందో మాకు బోధపడేది కాదు. కానీ కథ ఎత్తుకుంటే మాత్రం పక్క బల్లల వాళ్ళు కూడా నమలడం ఆపేవారు, అదీ వారానికి కొంచెం చొప్పున.

ఆయన ఒక శనివారం ఎత్తుకున్న కథ ఇది: ఆ పద్దెనిమిదో శతాబ్దంలోనే ఐరోపాలో కొండల నడుమ ఒక ఊరు. అక్కడి చర్చి గురువు రైతుల పిల్లలకు ఉచితంగా బడి పెట్టి, మిగిలిన పొద్దంతా ఆ ఊరి చరిత్ర రాశాడు. వెనకటికి తమ తాతలు శత్రుసైన్యాన్ని తరిమికొట్టారని ఊరంతా ఏటా పండుగ చేసుకుంటుంది. తీరా వెతికితే ఆ యుద్ధం జరగనే లేదని తేలింది. ఆయన అదే రాశాడు. ఊరి పెద్దలు వచ్చి, ఆ అధ్యాయం తీసేస్తావా, బడి మూసేయమంటావా అని నిలదీశారు. సరిగ్గా అక్కడ ఫాదర్ గారు కాఫీ కప్పు కింద పెట్టి, ఆయన స్థానంలో మీరుంటే ఏం చేస్తారో ఆలోచించుకుని రండి, మిగతాది పై శనివారం అని లేచిపోయారు.

ఇక ఆ వారం మా గదిలో మహాభారతమే. నిజం చెరిపేవాడు చరిత్రకారుడెలా అవుతాడని నేను, సాంబారు అడుగంటుతున్నా గరిటె పట్టుకుని మా కరీంనగర్ వాడు, పంతం పట్టి వాదించుకున్నాం.

"పుస్తకం మల్ల రాసుకోవచ్చు. బడి మూతవడితే పోరగాండ్లు ఎటు వోవాలె?" అన్నాడు వాడు.

తీరా ఆ శనివారం ఆఫీసుకు రమ్మన్నారు. పని తెమిలేసరికి మధ్యాహ్నమైంది. కథ అయిపోయి ఉంటుందని ఏడుపొక్కటే తక్కువగా పరుగెత్తాను. వెళ్ళి చూద్దును కదా, నా కుర్చీ మీద ఎవరూ కూర్చోకుండా టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఫాదర్ గారు చల్లారిన కాఫీ ముందు కూర్చుని ఉన్నారు. పక్కన మా వాడు చిటపటలాడుతున్నాడు. నేను రానిదే ఒక్క ముక్క చెప్పనన్నారట.

గురువు ఆ అధ్యాయం తన చేత్తోనే చింపేశాడని విని మా వాడు గెలిచానని బల్ల గుద్దాడు, నా ముఖం మాడిపోయింది. ఆ తర్వాత బళ్ళో ఏం చెప్పాడో అడగరేమని నవ్వారు ఫాదర్ గారు. ఎవరేం చెప్పినా నీకెలా తెలుసని అడగడం నేర్పాడట, అంతే. ఏళ్ళు గడిచాక ఆ పిల్లలే పెద్దవాళ్ళై, పండుగ రోజున నడివీధిలో అదే ప్రశ్న అడిగారట. చింపేసిన అధ్యాయం ఒక శిష్యుడి చేతి మీదుగా మళ్ళీ పుస్తకంలోకి వచ్చిందట. ఒళ్ళు ఝల్లుమని లేచి నిలబడ్డాను. అది ఆయన కళ్ళారా చూశాడా అని అడిగాను.

"లేదు నాయనా. పంతులు అంత దాకా ఉండడు" అన్నారు.

ఫాదర్ గారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు పిల్లలకు ఏ సందేహం వచ్చినా ఫోనుకి వేలు తగిలిస్తే జవాబు వచ్చేస్తుంది, మంచిదే. కానీ ఒక ప్రశ్న కోసం వారమంతా పోట్లాడుకోవడంలో ఉన్న ఆనందం ఎంతటిదో మన ఈడు వాళ్ళకే తెలుసు. నేను రానిదే కథ చెప్పనని పొద్దున్నుంచీ కాచుక్కూర్చున్న ఆ మనిషి తలపుకొస్తే మాత్రం, ఈ వయసులోనూ పక్క కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టుకుని కాఫీ తాగుతాను.