దీపం పెట్టే వేళ ఖాళీ అయిన డబ్బా

హెచ్ఐవీ మీద నేను చేస్తున్న పరిశోధన గురించి రేపు విద్యానగర్‌లో ప్రొఫెసర్ల ముందు మాట్లాడాలి. నాది లెక్కల పని. వైరస్ సోకే ప్రమాదం ఉన్నవారు, సోకినవారు, మందులు వాడుతున్నవారు, చనిపోయినవారు అని నాలుగు డబ్బాలు గీసి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మనుషులు ఎంత వేగంగా వెళ్తారో బాణాలతో చూపిస్తాను. ఏ బాణాన్ని పెంచితే ఎక్కువమంది బతుకుతారో సమీకరణాలు చెబుతాయి.

ఈ సాయంత్రం చిక్కడపల్లిలో మా ఇంటి హాల్లో, అశోక్‌నగర్‌లో కొన్న తెల్లబోర్డు మీద అదంతా గీసి, టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాలుగో డబ్బాలో రాసింది చెరిగిపోయి ఉంది. పక్కన మా అమ్మ నిలబడి ఉంది. చేతిలో అగ్గిపెట్టె, చీర కొంగుకు నల్లటి మరక.

"అది లేకుంటే లెక్క కుదరదమ్మా," అన్నాను విసుగ్గా.

"దీపం పెట్టే యాళ్లకు ఇంట్ల ఆ మాట ఎందుకే? పక్కన మందులేసుకునేటోళ్ల డబ్బా ఉన్నది కద. జర అందర్ని అటు పంపు."

కోపం నిలవలేదు. కంప్యూటర్ ముందు ఇన్నాళ్ళుగా నేను పడుతున్న తంటా కూడా అందరినీ అటు పంపడానికే మరి.

మీ ఇళ్ళలో దీపాల వేళ ఏయే మాటలు అనకూడదో చెప్పండి. నాలుగో డబ్బా పేరు పొద్దున్నే మళ్ళీ రాస్తాను, తప్పదు. ఈ రాత్రికి మాత్రం మా బోర్డు మీద ఎవరూ చనిపోరు.