సుమ్మాదేవి పనస చెక్క

బోర్డు దించడానికొచ్చిన మనిషి నిచ్చెన ఇంకా గోడకి ఆన్చనేలేదు, అప్పుడే కృష్ణవేణి చేత చివాట్లు తిన్నాడు.

"మెల్లిగా దించు బాబూ. అదేటి నీ అత్తోరింటి అరటిగెల కాదు."

శారదా గిటార్ వర్క్స్, కాశీబుగ్గ. కింద చిన్న అక్షరాల్లో 1971 అని ఉంది. బోర్డు దిగాక గోడమీద దాని మేర తెల్లగా మిగిలింది. యాభై నాలుగేళ్ళ ఎండ అక్కడ పడలేదు మరి. దాన్ని చూసి కృష్ణవేణి మొహం తిప్పుకుంది. ఎవరైనా చూస్తారని కాదు, తనే చూడలేక.

డెబ్బై దాటిన మనిషి. మూడో తరగతి సగంలో బడి మానేసింది. అలాగని ఎవరికీ లొంగిన మనిషి కాదు. జీడిపప్పు షావుకార్ల దగ్గర్నుంచి కరెంటు బిల్లు కొట్టేవాడి దాకా ఆవిడ నోటికి జడిసి గుమ్మం బయటే నిలబడేవారు.

ఆవిడ మొగుడు కృష్ణారావు మాత్రం నెమ్మది. వడ్రంగం ఇంటి పిల్లడు. తండ్రి ద్వారబంధాలకీ తలుపులకీ పేరు పడ్డవాడు. పలాస రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక గార్డు మెడ విరిగిన గిటారు తెచ్చి అతికించమన్నాడట. కృష్ణారావు అతికించే ముందు దాన్ని పూర్తిగా విప్పి, కడుపులో ఏముందో రెండు రోజులు చూశాడు. ఆ తర్వాత తలుపు ముట్టుకుంటే ఒట్టు. తండ్రి ఏడాది పాటు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ఒకటే అన్నాడు: "తలుపు లేని ఇల్లు సూపించరా నాకు. గిటారు లేని ఇళ్ళు ఊరంతా సూపిత్తాను."

గిటారుకి ఎక్కడెక్కడి కర్రలో కావాలంటారు. కృష్ణారావుకి తెలిసిందల్లా ఉద్దానం పనస. వీణకి పనికొచ్చిన కర్ర దీనికెందుకు పనికిరాదని దానితోనే కట్టాడు. కోసిన చెక్కని ఏడేళ్ళు అటకమీద ఆరబెట్టేవాడు. ఏడేళ్ళు నిండాక దించి, మధ్యవేలి గణుపుతో ఠక్కున కొట్టి చెవి ఆనించేవాడు.

పెళ్ళైన కొత్తల్లో ఒకరోజు ఆయన అలా కొడుతుంటే వంటింట్లోంచి కృష్ణవేణి అరిచింది: "అది దగ్గుతంది, ఒగ్గేయ్!" కొత్త పెళ్ళాం మాట ఎవడు వింటాడు? గిటారు కట్టాడు. అది నిజంగానే దగ్గింది. ఆనాటి నుంచి ఆవిడ చెవిన పడకుండా ఏ చెక్కా బల్లమీదికి ఎక్కలేదు.

"ఏటే, పలికిందా?"

"పలికింది." లేదంటే, "మూలిగింది."

నలభై అయిదేళ్ళ కాపురంలో వాళ్ళ సరసం ఏదైనా ఉంటే ఇదే.

ఆ గిటార్లు చర్చిల్లోకి వెళ్ళాయి, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోకి వెళ్ళాయి, ఇచ్ఛాపురం దాటి బరంపురం దాకా వెళ్ళాయి. ఇంట్లో మాత్రం ఒక్కటీ ఉంచుకోలేదు. ఎవరైనా అడిగితే కృష్ణవేణి, "ఆడపిల్లల్ని కని ఇంట్లో దాసుకుంతారేటి?" అనేది. ఆ మాటకి ఇప్పుడు తన నాలుక తనే కొరుక్కుంటోంది.

తిత్లీ తుపాను వచ్చిన ఏడు ఉద్దానం మొత్తం ఒక్క తెల్లవారుజామున నేలకి ఒరిగిపోయింది. కొబ్బరి, జీడి, పనస, ఏదీ మిగల్లేదు. అప్పటికి కృష్ణారావుకి డెబ్బై. మోపెడ్ మీద ఊరూరా తిరిగాడు. సుమ్మాదేవిలో విజయకుమారి అనే ఆవిడ పెరట్లో పడిపోయిన పనసచెట్టు పక్కన కూర్చుని ఉంది. చచ్చిపోయిన మొగుడు పాతిన చెట్టట. కూర్చోడం కాదు, శవజాగారం.

కృష్ణారావు మోపెడ్ దిగి, మొద్దుమీద గణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. విని అన్నాడు: "అమ్మా, దీన్ని పొయ్యిలోకి ఇయ్యకు. నాకియ్యి. ఏడేళ్ళు ఆగి రా. నీ సెట్టు పాట పాడతాది, ఇందువుగాని."

ఆవిడ పైసా అడగలేదు. "ఇనిపిత్తావు కదా?" అని మాత్రం రెండుసార్లు అడిగింది.

ఆ రాత్రి కృష్ణవేణి మొగుణ్ణి బాగా దులిపింది. "డెబ్బై ఏళ్ళోడివి, ఏడేళ్ళకి మాటిచ్చీసి వచ్చినావా? ఉంతావేటి నువ్వు?"

"నాను లేకపోతే నువ్వుండవేటి?" అన్నాడాయన. అని చెక్కలు కోయించి, వాటి మీద బొగ్గుపెన్సిలుతో రాశాడు: సుమ్మాదేవి విజయకుమారి గారి చెట్టు. 2025లో దించాలి.

మూడేళ్ళు తిరక్కుండా రెండో కరోనా ఆయన్ని పట్టుకుపోయింది. చివరికి మొహం కూడా సరిగ్గా చూపించలేదు.

కొడుకు శ్రీనివాస్ చెడ్డవాడు కాదు. నాలుగేళ్ళు ఈడ్చుకొచ్చాడు. ఇప్పుడు గిటారు ఫోన్లో నొక్కితే మూడోనాటికి అట్టపెట్టెలో ఇంటికొస్తుంది. కార్తీకంలో మూసేద్దామని నిశ్చయించాడు. కొట్టు జీడిపప్పు ప్యాకింగు వాళ్ళకి. అటకమీది పనస చెక్కలు టెక్కలిలో ఇల్లు కట్టుకుంటున్న ఢిల్లీశ్వరరావు గారికి, తలుపులకి. మామగారు చచ్చి నెగ్గాడని కృష్ణవేణి అనుకుంది.

"సుమ్మాదేవి సెక్కలు రెండు ఒగ్గెయ్యిరా. ఒక్క గిటారు కట్టించి మూసెయ్యి," అంది కొడుకుతో.

"కట్టేదెవరమ్మా?"

పైడయ్య ఉన్నాడు. కృష్ణారావు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు. రెండేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి, టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కామీదే. అయినా కృష్ణవేణి ఇంటికెళ్ళి మరీ పిలుచుకొచ్చింది.

"వదినమ్మా, నా సేతులు సూసినావా?"

"సూసినాను. నీ నోరు మాత్రం వణకట్లేదు కదా, నడు."

పన్నెండు రోజులు పట్టాడు చిత్రిక. గిటారు ముందు చెక్క రూపాయి బిళ్ళంత పల్చనయ్యేదాకా చెక్కాలి. అక్కడే పాటంతా ఉంటుంది. కృష్ణవేణి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది, ఒక్క తిట్టూ తిట్టలేదు. పదమూడో రోజు పొద్దున్న, ఇంకో నాలుగు పట్లు పడితే అయిపోతుందనగా, చెయ్యి ఒక్కసారి జర్రున జారింది. చెక్క నిలువునా చీలింది.

పైడయ్య చిత్రిక కింద పెట్టి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "పాడు సేసీనాను వదినమ్మా. అన్న సెక్క పాడు సేసీనాను."

"ఇంకోటుంది."

"దాన్నీ సంపమంటావా?"

ఆవిడ ఆ రెండో చెక్కని తలుపులకి వెళ్ళే చెక్కల మీద పెట్టించింది.

ఆ మర్నాడే వచ్చింది విజయకుమారి. పాసింజరు దిగి, స్టేషను నుంచి నడిచి, పెట్టెలోంచి తీసిన మడతల చీర కట్టుకుని. ఉద్దానంలో తిత్లీ ఎన్నేళ్ళ కిందటిదో ఎవరూ వేళ్ళమీద లెక్కపెట్టుకోనక్కర్లేదు. బోర్డు లేని కొట్టు ముందు కాసేపు అయోమయంగా నిలబడింది.

"ఇక్కడ గిటార్లాయన... నా సెట్టు పాడతాది, రమ్మన్నారండి," అంది.

శ్రీనివాస్ తల్లిని లోపలికి లాగాడు. "అమ్మా, అమ్ముడవని చైనాది ఒకటుంది. అదే వాయించేత్తాను. నీ సెట్టే అని సెప్పు. ఆవిడకేటి తెలుత్తాది, ఆనందంగా ఎల్లిపోద్ది."

కొడుకు మాటలో దయే ఉంది. అది కృష్ణవేణికి తెలుసు. ఆ చైనా గిటారు గోడకి తగిలించి కళ్ళెదురుగానే ఉంది. ఒక్క అబద్ధంతో ఆయన మాట నిలబడిపోయేది. ఆవిడ దాన్ని చూసింది, బయట నిలబడ్డ మనిషి చీరమడతలు చూసింది.

"ఆయన సెవి పెట్టి ఇన్న సెక్కరా అది. దాని పేరెట్టి ఇంకోదాన్ని వాయిత్తావా?" అని బయటికొచ్చి విజయకుమారి చెయ్యి పట్టుకుంది. "రా సెల్లీ. ఆయన లేరు. గిటారు కట్టలేకపోనాం. ఒక సెక్క ఇరగ్గొట్టీసినాం. ఇంకోటుంది, రా."

టెక్కలి వెళ్ళే ట్రాక్టరు కోసం చెక్కలన్నీ వరండాలో పేర్చి ఉన్నాయి. పైచెక్క మీద రాత అలాగే ఉంది. కృష్ణవేణి దాని పక్కన కూలబడి, మధ్యవేలి గణుపుతో కొట్టింది.

పలికింది. యాభై ఏళ్ళలో ఏ చెక్కా అలా పలకలేదు. కింద పేర్చిన చెక్కలు కూడా దానితో పాటు సన్నగా గుయ్యిమన్నాయి. సరిగ్గా ఈ ఏటికే పండింది. ఆయన లెక్క ఒక్క నెల కూడా తప్పలేదు. ఏటే, పలికిందా అని అడిగే గొంతు కోసం ఆవిడ చెవి అలవాటుగా ఆగింది. ఎవరూ అడగలేదు.

"ఇన్నావా?" అంది.

విజయకుమారి వంగి చెవి పెట్టింది. కృష్ణవేణి మళ్ళీ కొట్టింది, మళ్ళీ కొట్టింది, గణుపు ఎర్రబడేదాకా కొట్టింది. విజయకుమారి తలెత్తి ఆ చెక్కవైపు చూసింది.

"ఇంతేనా అప్పా?" అంది. కోపంగా కాదు. పిల్లలు అడిగినట్టు.

కృష్ణవేణి ఎర్రబడ్డ గణుపుని కొంగులో చుట్టుకుంది.

"ఇంతే సెల్లీ," అంది.

ట్రాక్టరు వచ్చింది. కూలీలు పైచెక్కకి చెయ్యి వెయ్యబోతే విజయకుమారి అడ్డం వచ్చింది. "ఆగండి బాబూ. మా ఆయన పాతిన సెట్టు. మోసేటప్పుడైనా ఓ సెయ్యెయ్యనీండి."

ఆవిడ ఒక కొస పట్టుకుంది. రెండో కొస కృష్ణవేణి పట్టుకుంది. శ్రీనివాస్ పరిగెత్తుకొస్తే కళ్ళతోనే ఆపింది. ఇద్దరు ముసలివాళ్ళు, అడుగులో అడుగు వేస్తూ, మధ్యలో ఒకసారి దించుకుని ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తి, ఆ చెక్కని ట్రాక్టరు దాకా మోశారు.

"రాత తుడిసెయ్యమంటారా?" అన్నాడు డ్రైవరు.

"ఉండనీ," అంది కృష్ణవేణి. "సిత్రిక పడితే అదే పోద్ది."