ఒక్క కొమ్మ సాక్ష్యం

నిన్న పొద్దున్నే పెరట్లో ముఖం కడుక్కుంటుంటే వేపపూత వాసన వచ్చింది. నీళ్ల చెంబు చేతిలోనే ఆగిపోయింది. జనవరి ఇంకా దాటలేదు. చెట్టు మీద పాత ఆకు అలాగే ఉంది. ఒక్క కొమ్మ మాత్రం గోడ వైపు తెల్లగా పూసి నిలబడింది. "అప్పుడే కాలం తిరిగిందా ఏంది?" అని వంటింట్లోంచి నా భార్య అడిగింది. చెంబు కింద పెట్టి, చెట్టు మొదట్లో కూర్చుని, అరచేయి నేలకు ఆనించాను. ఇది సుందరమ్మ టీచర్ నాకు నేర్పిన పని. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

పెద్దమందడి దగ్గర మా ఊళ్లో ఆమె సర్కారు బడిలో చదువు చెప్పి రిటైరయింది. ఆదివారం మాత్రం చర్చి అరుగు మీద పిల్లలకు వాక్యం చెప్పేది. నాకు అక్షరాలూ ప్రార్థనా రెండూ ఆమె దగ్గరే వచ్చాయి. ఆమె పెరట్లో ఒక వేప, ఒక మునగ, రెండు నిమ్మచెట్లు, గోడ వెంట మల్లెపొదలు ఉండేవి. వసంతం వచ్చిందని ఆమె చెబితేనే మా వాడకు వచ్చినట్టు. మా ఊళ్లో సగం ఇళ్లవాళ్లు వానాకాలం పంట అయిపోగానే కూలీలను తీసుకుపోయే మేస్త్రీల వెంట దూరప్రాంతాలకు వలస పోయేవారు, వేప పూసే నాటికి తిరిగొచ్చేవారు. అందుకే ఎదురుచూసే ఆడవాళ్లు గోడ మీంచి తొంగి చూసి, "టీచరమ్మా, కాలం తిరిగిందా?" అని అడుగుతుండేవారు. ఆమె తొందరపడేది కాదు. ఏ సంగతైనా ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద నిలవాలని లేఖనంలో ఉంది కదా, ఆ నియమాన్ని ఆమె పెరటికి కూడా పెట్టింది. పొద్దున్నే నేల వెచ్చగా తగలాలి. పూత మీద తేనెటీగ వాలాలి. పక్కింటి చెట్టు కూడా పూయాలి. మూడూ కుదిరిన రోజున గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. అంతవరకు, "ఇంక సాక్షులు రాలె, పోండ్రి" అని నవ్వేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వరుసగా కరువు పడిన రోజుల్లో, బైబిలు శిక్షణ ముగించుకొని నేను ఊరికి తిరిగొచ్చాను. ఇరవై రెండేళ్లవాణ్ణి. చర్చి సంఘంలో మొదటిసారి నన్ను, పాస్టరును పిలిచినట్టు, 'అయ్యగారూ' అని పిలిచింది మానెమ్మ. ఆమె పెనిమిటి రెండేళ్ల కింద వలస పోయాడు. తోటివాళ్లంతా వచ్చారు, అతనొక్కడు రాలేదు. కబురూ లేదు. ఖిల్లా ఘణపూర్ నుంచి ఆమె అన్న వచ్చి తన ఇంటికి తీసుకుపోతానని బతిమిలాడుతున్నాడు. పోవాలా, ఉండాలా అని ఆమె నన్ను అడిగింది. అదే వారం, జనవరిలో, టీచర్ ఇంటి వేప మీద ఒక కొమ్మ పూసింది. దాన్ని చూడగానే నాకు ఒళ్లు పులకరించింది. ఆదివారం ఆరాధనలో అందరి ముందు లేచి, "దేవుడు కాలాన్ని ముందుకు తెచ్చాడు. నీ పెనిమిటి ఈస్టరు లోపల వస్తాడు" అని మానెమ్మతో చెప్పేశాను. ఆమె అన్నను వెనక్కి పంపించింది.

నెల తిరగకముందే ఆ ఇంటి గురించి జనం గొంతు తగ్గించి మాట్లాడుకోసాగారు. మానెమ్మ పగలంతా ఉపవాసం ఉంటోంది. పొద్దుగూకినంక పిడికెడు బియ్యం వండి, ఆ అన్నమంతా పెనిమిటి కంచంలో పెట్టి అరుగు మీద ఉంచి, లోపల గడియ పెట్టుకొని పడుకుంటోంది. తెల్లారేసరికి కంచం కడిగినట్టు ఖాళీగా ఉంటోంది. కుక్కలు ముడితే కంచం బోర్లా పడాలి కదా, అది పెట్టిన చోట పెట్టినట్టే ఉంటోంది. "ఆయన దగ్గర్నే ఉండు అయ్యగారూ, మొఖం సూపిస్తలేడు గని" అని ఆమె నాతో అన్నప్పుడు ఆ కళ్లలో వెలుగు చూసి నాకు భయమేసింది.

టీచర్ నన్ను పిలిపించింది. పెరట్లోకి తీసుకుపోయి కొమ్మ కింద నిలబెట్టింది.

"ఏంది చిన్నయ్యగారు, ఏమన్న ఇనబడుతుందా?"

"ఏం ఇనబడ్తలేదు టీచర్."

"గదే. ఇంత పూత పూస్తే ఒక్క తేనెటీగ రాలె. పక్కింటి చెట్టునడిగినవా? నేల ముట్టిసూసినవా?"

నేల చల్లగా తగిలింది. ఆమె రెండడుగులు ముందుకు నడిచింది. అక్కడ కిందటి వానాకాలంలో మరుగుదొడ్డికి తవ్వించిన గుంత ఉంది. దాని అంచున తెగిన వేరు, నా తొడంత లావుది, ఎండి నల్లబడి బయటకు పొడుచుకొచ్చింది. కొమ్మ సరిగ్గా దాని మీదే ఉంది.

"చెట్టుకు భయమైనా పూస్తది కొడుకా. సచ్చేముందట ఇత్తనం ఇడిసిపోవాలని సూస్తది. నువ్వు దాన్ని దేవుని మాట అన్నవు."

ఆ సాయంత్రం ఆమె జల్లెడ పట్టిన పొయ్యి బూడిద తీసుకొని మానెమ్మ ఇంటికి వచ్చింది. కంచం చుట్టూ, గడప దాకా పలచగా చల్లింది. "ఇంకో సాక్షి కావాలె మానెమ్మా, గంతే" అంది. మేము తెల్లవారగానే తిరిగి వెళ్లాం. కంచం ఖాళీ. బూడిదలో అడుగులున్నాయి. వీధి వైపు నుంచి ఒక్కటీ లేదు. గడప నుంచి కంచం దాకా వచ్చి, మళ్లీ గడప దాకా పోయాయి. లోపల గడియ తీసిన చప్పుడైంది. మానెమ్మ గడప ఇవతలికి ఇంకా అడుగు పెట్టలేదు, "వొచ్చిండు గదా?" అని సంబరంగా అడిగింది. టీచర్ కిందికి చూసింది. నేనూ చూశాను. మానెమ్మ కాలివేళ్ల మధ్య బూడిద ఉంది.

ఆమె వంగి తన పాదాలను చూసుకుంది. "నాకు తెల్వదు టీచరమ్మా. లేసినట్టే తెల్వదు."

"ఆకలికి తెల్సు బిడ్డా" అని టీచర్ ఆమెను పట్టుకొని కూర్చోబెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆదివారం నేనే లేచాను. "ఒక్క కొమ్మను చూసి దేవుడు చెప్పని మాట ఆయన పేరు మీద చెప్పాను. నీ పెనిమిటి వస్తాడో రాడో నాకు తెలియదు మానెమ్మా. నన్ను క్షమించు" అన్నాను. చాప మీంచి మానెమ్మ గొంతు వచ్చింది.

"అయితే మెలకువగున్నప్పుడే తింట తియ్, అయ్యగారూ."

ఈస్టరు పోయాక అన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ఆ పెనిమిటి ఎన్నడూ రాలేదు. ఎండలు ముదిరేసరికి ఆ కొమ్మ మోడైంది. మిగతా చెట్టు పూసి, మూడు సాక్ష్యాలూ కుదిరిన రోజున టీచర్ గోడ మీద గీత గీయమని బొగ్గు నా చేతికిచ్చింది.

ఇప్పుడు సంఘం నా చేతిలో ఉంది. దేవుడు మాట్లాడతాడని అప్పటికన్నా గట్టిగా నమ్ముతాను. కానీ ఎవరైనా ఎదురుచూపుతో నా ముందు కూర్చుంటే, ప్రార్థనకు ముందు "అన్నం తిన్నరా?" అని అడుగుతాను. నిన్న నా అరచేతికి నేల చల్లగానే తగిలింది. తేనెటీగల చప్పుడు లేదు. గోడ పక్కన మురుగునీళ్లకు కొత్తగా మోరీ తవ్వారు. చెంబులో మిగిలిన నీళ్లు చెట్టు మొదట్లో పోసి, మరో బిందె తెమ్మని నా భార్యను కేకేశాను.