వద్దు మేస్త్రి చూసిపెట్టిన కారు

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. వద్దు మేస్త్రి అంటే మాత్రం నాలుగు వీధులవాళ్లకీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు కార్ల షెడ్డులో బండ్ల కింద దూరి దూరి, చివరికి నడుం పట్టేసి ఇంటికొచ్చేసిన మనిషి. పాత కారు కొనాలనుకున్న ప్రతివాడూ ఆయన్ని వెంటబెట్టుకుపోయేవాడు. ఆయన పదింట తొమ్మిదింటిని చూడగానే "వద్దు" అనేవాడు. పదోదాన్ని కాసేపు చూసి అనేవాడు.

ఆయన పద్ధతి ఆయనది. అమ్మేవాళ్లింటికి వెళ్లగానే కారు చుట్టూ తిరగడు, రంగు చూడడు. తిన్నగా వెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలితే, "పొద్దున్నే ఎక్కడికైనా వెళ్లొచ్చారా?" అని మర్యాదగా అడుగుతాడు. చల్లగా ఉన్న ఇంజన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో చూడనివ్వకూడదని కొందరు ముందే స్టార్ట్ చేసి ఉంచుతారు. ఒకాయన అలాగే దొరికిపోయి, "లేదండీ, ఎండకి కాలింది" అన్నాడు. కారేమో షెడ్డులో ఉంది. ఆ కథ మేస్త్రి చెబుతుంటే నవ్వనివాళ్లు లేరు.

అలాంటి మేస్త్రికి సొంత చెల్లెలి కోసం కారు చూడాల్సి వచ్చింది. ఆమె ఆయనకంటే తొమ్మిదేళ్లు చిన్నది. రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆసుపత్రి పక్క పట్నంలో, బస్సులో గంటన్నర. వెళ్లేటప్పుడు ఫరవాలేదు. తిరిగొచ్చేటప్పుడే ఒంట్లో సత్తువంతా పిండేసినట్టయి, కళ్లు తిరిగి, బస్సు కడ్డీని పట్టుకునే ఓపిక కూడా ఉండేది కాదు. పుస్తకాలు బైండు చేసే ఆమె భర్త, ప్రెస్సులో అడ్వాన్సు తీసుకుని, "బావగారూ, వెనక సీట్లో పడుకోవడానికి వీలుండే కారు ఒకటి చూడండి. మీరు సరేనంటే నేను కళ్లు మూసుకుని కొంటాను" అన్నాడు.

మొదట చూసిన తెల్ల కారు అద్దంలా మెరిసిపోతోంది. చెల్లెలు వెనక సీట్లో కూర్చుని, తల వెనక్కి వాల్చి, "అబ్బ, ఎంత హాయిగా ఉందో అన్నయ్యా!" అంది. మేస్త్రి ఆమె పక్కనున్న సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగాడు. ఆఖరి జానెడూ మట్టిరంగులో ఉంది. కార్పెట్ అంచు పైకెత్తితే సీటు కింద ఇనుపపట్టీల మీద తుప్పు పొరలు పొరలుగా లేచింది.

"ఇది నీళ్లలో మునిగిన బండి బావా. ఇవాళ నడుస్తుంది. వైర్లని లోపల్లోపలే తుప్పు తినేసి ఉంటుంది. ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. వద్దు."

చెల్లెలు దిగింది.

తర్వాతిది ముందూ వెనకా గుద్దుకున్న బండి. బానెట్ బోల్టుల మీద రంగు గీరుకుపోయి ఉంది, డిక్కీలో స్టెప్నీ కింద వెల్డింగు మచ్చలున్నాయి. ఇంకొకటి మీటరు ప్రకారం ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందట, క్లచ్ పెడలు రబ్బరు మాత్రం అరిగి నున్నగా అయిపోయింది. మరొకటి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కగానే ఆయిల్ కాలుతున్న నీలిపొగ వదిలింది. రెండు నెలల్లో ఏడు కార్లు. ఏడింటికీ ఒకటే మాట.

ఈలోగా చెల్లెలు ఒకరోజు బస్సు దిగుతూ మెట్టు మీద కూలబడిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది. ఆ సాయంత్రం బావ మేస్త్రి ఇంటికొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీకు వద్దనడం తేలిక బావగారూ. తనని బస్సెక్కించేది నేను. మన చేతిలో ఉన్నదానికి మీకు నచ్చే కారు ఈ భూమ్మీద ఉందా లేదా? అది చెప్పండి."

లేదని మేస్త్రికి మొదటినుంచీ తెలుసు.

ఎనిమిదో కారు ఒక రిటైరైన లైబ్రేరియన్‌గారిది. ఒకే చేతిమీద నడిచిన బండి. మాటల్లో కల్తీ లేని మనిషి. బానెట్ చల్లగా ఉంది. బెల్టులు శుభ్రంగా ఉన్నాయి, టైర్లు నాలుగూ సమంగా అరిగాయి. అంతా బాగుందనుకుంటూ ఆయిల్ పోసే మూత విప్పితే, దాని అడుగున మీగడలా పలచగా ఏదో పట్టి ఉంది. స్టార్ట్ చేసి రేడియేటర్ నీళ్ల డబ్బాలోకి తొంగి చూశాడు. ఒక బుడగ లేచింది. కాసేపటికి మరొకటి.

నీళ్లు, ఆయిల్ కలుస్తున్నాయంటే ఇంజన్‌లో వాటిని వేరుగా ఉంచే హెడ్ గాస్కెట్ పోతోందని అర్థం. ఇంకెవరి కోసమైనా అయితే అక్కడితో మూత బిగించి చేతులు దులుపుకునేవాడే. కానీ దగ్గరి దూరాలు తిరిగే బండిలో ఉత్త తేమకి కూడా అలా పట్టొచ్చు. రెండు బుడగలకే ఏమైపోతుంది? మనసుకి అలా నచ్చజెప్పుకుంటూ వెనక్కి చూశాడు. చెల్లెలు గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కారుని చూడడంలేదు, అన్నయ్య మొహాన్ని చూస్తోంది.

"సరే" అన్నాడు. తర్వాత బావని పక్కకి పిలిచి, "వేడి ముల్లు మీద ఓ కన్నేసి ఉంచు. సగం దాటితే ఆపెయ్" అని మాత్రం చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

నాలుగు వారాలు కారు బంగారంలా నడిచింది. ఐదోవారం మేస్త్రి కూడా వాళ్లతో బయలుదేరాడు. సగం దారిలో ముల్లు సగం దాటింది. బావ ఆపేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. ఒకవైపు పొడుగాటి ఇటుక గోడ, మరోవైపు ఖాళీ స్థలం. నీడ కూడా లేదు.

"ఏదో ఒకటి చెయ్యండి బావగారూ!"

కాలుతున్న రేడియేటర్ మూత విప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. అరగంట ఆగాల్సిందే. ఆగినా ఆ బండి ఆవేళ కదలదు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ఆయనకు చెప్పింది అంతే. పాత గుడ్డ చేతిలో పట్టుకుని ఇంజన్ ముందు ఉత్తినే నిలబడ్డాడు. వెనక సీట్లోంచి చెల్లెలు, "దాన్ని తిట్టకు అన్నయ్యా, దానికీ నాలాగే లోపల నీళ్లు దారి తప్పాయేమో" అంది. ఎవరూ నవ్వలేదు.

ఇరవై నిమిషాలకి ఒక పాల వ్యాను ఆగింది. డ్రైవరు దిగి, ముందు సీటు మీది సామాను వెనక్కి విసిరేసి, ఆమెను చెయ్యిచ్చి ఎక్కించాడు. బావ వెనక పాల డబ్బాల మధ్య నిలబడ్డాడు. మేస్త్రి కారు దగ్గరే ఉండిపోయాడు.

వాళ్లు వెళ్లేసరికి ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. నాలుగు గంటలు జరగాల్సిన డయాలసిస్ ఆరోజు రెండు గంటలే జరిగింది. మర్నాడు చూడబోతే ఆమె పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడంలేదు.

మేస్త్రి వాళ్లింటి వసారాలోనే బావకి అంతా చెప్పేశాడు. మూత కింద మీగడ, బుడగలు, అన్నీ. బావ తన చేతులకంటిన ఎండిన జిగురు గిల్లుకున్నాడు.

"ముందే చెప్తే కొనేవాణ్ణి కాదా? కొనేవాణ్ణే. కానీ చెప్పాల్సింది బావగారూ."

నడుముకి పట్టీ కట్టుకుని, మేస్త్రి తొమ్మిది రోజులు ఒంటరిగా ఇంజన్ విప్పాడు. గాస్కెట్ ఒక్కటే కాదు, దాని మీద కూర్చునే హెడ్డు కూడా వంగింది. లేతు షాపులో చదును చేయించి బిగించాడు. బుడగలు ఆగాయి. ఎన్నాళ్లపాటో ఆయనకే తెలియదు.

ఇప్పుడు వారంలో ఆ మూడు రోజులూ కారు ఆయనే నడుపుతున్నాడు. ఒకసారి వార్డు బయట బెంచీ మీద, భార్యను తీసుకొచ్చిన ఒకతను తానూ పాత కారు చూస్తున్నానన్నాడు. మేస్త్రి పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. పొద్దున్నే చెప్పాపెట్టకుండా వెళ్లమన్నాడు. బెల్టు చివరంటా లాగమన్నాడు, మూత విప్పి చూడమన్నాడు, గతుకుల రోడ్డు మీద నడిపి చూడకుండా మాట ఇవ్వొద్దన్నాడు.

అతను ఫోనులో అన్నీ రాసుకుని, "మరి మీరెలాంటిది కొన్నారండీ?" అని అడిగాడు.

"దొరికింది కొన్నామండీ" అన్నాడు మేస్త్రి.

లోపల మిషను కూత పెట్టింది. ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు. అది ఎవరి మంచం దగ్గరిదో బయటికి తెలియలేదు.