పన్నెండు కౌంట్ల ఊపిరి

బస్సు డిపో బ్యాండులో బుంగమూతి అంటే తెలియనివాళ్లు లేరు. అలుగుతాడని వచ్చిన పేరు కాదు. ట్రంపెట్ నోట పెట్టగానే రెండు బుగ్గలూ ఉబ్బిపోతాయి, అందుకని. ఇరవై రెండేళ్లుగా పగలంతా బస్సు స్టీరింగు, సాయంత్రం ట్రంపెట్, ఇదే ఆయన బతుకు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "బస్సులో అరవైమందిని మోస్తున్నా, చాలదూ?" అంటాడు.

అలాంటి మనిషికి యాభై దాటాక ఊపిరి దగ్గర చిక్కొచ్చి పడింది. ఏటా వార్షికోత్సవంలో బ్యాండ్ మాస్టారు స్వయంగా కట్టిన పాట వాయిస్తారు. దాని చివర నలుగురు ట్రంపెట్‌వాళ్లూ ఒకే స్వరాన్ని ఒక్క ఊపిరిలో పన్నెండు కౌంట్లు పట్టి ఉంచాలి. కిందటేడు నుంచి ఈయనది తొమ్మిదో కౌంటుకే పుటుక్కున తెగుతోంది. మాస్టారు చూసి చూసి, "ఈసారీ తెగిందంటే ట్రంపెట్ పక్కన పెట్టెయ్. ఆ ఇత్తడి తాళాలు, సింబల్స్ వాయిద్దువుగాని" అనేశారు.

ఆ మాటకి ప్రాణం చివుక్కుమంది పాపం. ఇంటికొచ్చి భుజాలు చెవులదాకా ఎగరేసి, దొరికిన గాలంతా లాగి, మెడనరాలు తేలేలా ఊదాడు. ఎనిమిదికే తెగింది. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న అక్క తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసింది.

"ఏరా, నొప్పులొస్తున్నాయా?"

"నీకన్నీ వేళాకోళమే. గాలి చాలట్లేదక్కా."

"చాలకపోవడం కాదు, బిగబట్టడం ఎక్కువైంది. పడుకో."

నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి పిడికిళ్లు బిగించమంది, వదిలెయ్యమంది. తర్వాత భుజాలు, దవడ, కాలివేళ్లు. పొట్ట మీద లావుపాటి పుస్తకం పెట్టి, అది లేవాలిగాని భుజాలు లేవకూడదంది.

"ముందు లోపలున్నది ఖాళీ చెయ్యి, కొత్తది దానంతటదే వస్తుంది. మధ్యలో అయిపోయిందనుకో, ఆగి ఇంకోటి తీసుకో. ఊపిరి తీసుకోడానికి సిగ్గెందుకురా?"

జవాబుగా గురక వినబడింది. ఆవిడ నవ్వుకుంటూ దుప్పటి కప్పింది.

నెల్లాళ్లు రోజూ ఇదే తంతు. తంటాలు పడి పదిదాకా వచ్చాడు. పన్నెండు మాత్రం అందలేదు.

వార్షికోత్సవంలో ఆఖరి స్వరం పది కౌంట్లు నిలిచింది. అంతే, లోపల ఖాళీ. బిగుసుకుపోబోయి ఆగాడు. ట్రంపెట్ దించి, తాపీగా గాలి పీల్చుకుని, మిగతా రెండు కౌంట్లూ మెత్తగా అందుకున్నాడు. చిత్రమేమిటంటే, ఆయన ఆగిన ఆ క్షణంలో హాల్లో ఏ ట్రంపెట్టూ వినబడలేదు.

"మీకేమైందయ్యా?" వేదిక వెనక మాస్టారు మిగతా ముగ్గురినీ నిలదీశారు.

వాళ్లలో పెద్దాయన గొంతు విప్పాడు.

"నిజం చెప్పేస్తా మాస్టారూ. పన్నెండు మాకెప్పుడూ రాలేదు. ఈయన గట్టిగా ఊదుతుంటే ఆ చాటున దొంగతనంగా పీల్చుకుంటాం. ఈమధ్య బాగా లాగుతున్నాడు కదాని ఇవాళ ముగ్గురం ఒక్కసారే ఆగాం. ఇన్నేళ్లూ మాకు ఈయన చాటుంది. ఈయనకే ఎవరూ లేరు."

మాస్టారు పెన్సిల్ తీసి, నలుగురి కాగితాల మీదా పదో కౌంటు దగ్గర ఊపిరి గుర్తుగా చిన్న కామా పెట్టారు.

"నేను డ్రమ్ములవాణ్నయ్యా," అన్నారు బుంగమూతితో. "రాసేటప్పుడు ఊదేవాడికి ఊపిరి కావాలన్న సంగతి నాకు తట్టనే లేదు."