వదిలిపెట్టిన గుండీ

కల్మలలో లింగసుగూరు బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఒక దర్జీ దుకాణం ఉంది. షట్టరు దించి ఉన్నా నాకు లోపల ఉన్న కత్తిరింపు బల్ల కనిపిస్తుంది. బల్ల మీద సుద్దతో గీసిన అరవై నాలుగు గళ్ళు, నా వైపు చివరి వరసకు ఒక్క అడుగు దూరంలో నల్లటి కోటు గుండీ ఒకటి. బస్సు కదిలి ఊరు దాటిపోయినా ఆ గుండీ అక్కడే ఉంటుంది. కళ్ళు మూసుకుంటే మరీ దగ్గరికి వస్తుంది కాబట్టి బస్సులో నిద్రపోవడం మానేశాను.

నేను ఆ ఊరి బడిలో లెక్కల మాస్టరును. ఇల్లు రాయచూరులో. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, బస్సులో ఏది దొరికితే అది. శనివారం ఒంటిపూట బడి కావడంతో పదకొండున్నరకే గంట కొట్టేస్తారు. తిన్నగా ఇంటికి పోవచ్చు, కానీ ఇంట్లో నాతో చదరంగం ఆడేవాళ్ళు లేరు. కాలేజీ రోజుల్లో నేను మా కాలేజీ తరఫున ఆడాను. ఇప్పుడు ఫోనులో ముక్కూ మొహమూ తెలియని వాళ్ళను ఓడిస్తుంటాను. ఈ తాలూకాలో నా అంతటివాడు లేడని నాకొక నమ్మకం. ఎవరూ అడగకపోయినా ఆ మాట చెప్పేవాణ్ణి.

ప్యాంటు పొడుగు తగ్గించమని వెళ్ళినప్పుడు దర్జీ బల్ల కింద బిస్కట్ల డబ్బాలో చదరంగం పావులు చూశాను. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. మెడలో టేపు, చెవికి దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. నా చూపు ఎటు పోయిందో కనిపెట్టి, "ఆడ్తరా సార్?" అన్నాడు. బల్ల మీద గుడ్డలన్నీ పక్కకు తోసి, సుద్దబిళ్ళతో గళ్ళు గీశాడు. పది నిమిషాల్లో ఓడించాను. ఆయన పావులు మళ్ళీ పేర్చాడు. ఆ పేర్చడం ఏడేళ్ళు సాగింది.

ఏడేళ్ళలో ఆయన ఒక్క ఆట కూడా గెలవలేదు. ఆయనకు ఆట రాదని కాదు, నెమ్మదిగా వస్తుంది. ఒక ఎత్తు వేసేముందు బొటనవేలు గాలిలో పెట్టి, బట్ట మీద గీత గీసేవాడిలా ఇటూ అటూ కొలిచేవాడు. నాకేమో ముక్కు మీద కోపం. మూడు గంటల బస్సు ఉందని, ఇంకా ఎంతసేపని గొణిగేవాణ్ణి. ఆయన చెవిన వేసుకునేవాడు కాదు. బలమంతా పోయి రాజూ ఒక ప్యాదా మిగిలినా, ఓడిపోయానని పావులు కలిపేసేవాడు కాదు. ఇంకేముందన్నా అంటే, వేలితో ఆ ప్యాదాను చూపించి ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు.

"ఇంగొకటున్నది గద సార్."

బంటును మా వైపు ప్యాదా అంటారు. మా పాత ఆటలో ఇంకొక పద్ధతి కూడా ఉంది, ఫోనులో అది లేదు. ఎదుటివాడి పావులన్నీ తినేసి రాజును ఒంటరిగా మిగిల్చామా, అది గెలుపు కాదు. దాన్ని బుర్జీ అంటారు, ఇద్దరికీ సగం సగం. అందుకే నిజంగా గెలవాలనుకునేవాడు ఎదుటివాడికి కనీసం ఒక పావు వదలాలి. ఆ ఒక్కటీ ఉండగానే రాజును కట్టిపడెయ్యాలి. ఇది మర్యాద కోసం పెట్టారో, గట్టివాణ్ణి కాస్త ఇబ్బంది పెట్టడానికి పెట్టారో నాకు తెలియదు. దర్జీ ఈ పద్ధతి తప్పితే ఒప్పుకోడు. ప్యాదా చివరి గడికి చేరితే ఆ వరసలో మొదట ఉండే పావుగా మారాలన్నది కూడా ఆయన పట్టుబట్టిన నియమమే. ఏనుగు వరసలో చేరితే ఏనుగు, గుర్రం వరసలో చేరితే గుర్రం.

ఆయన పావుల్లో ఒక ప్యాదా ఎప్పుడో పోయింది. దాని చోట ఒక పెద్ద నల్ల కోటు గుండీ పెట్టేవాడు, ఎప్పుడూ ఎడమ ఏనుగు ముందరే. నాకు వేళాకోళం ఎక్కువ. వదలాల్సింది ఒకటే అయినప్పుడు ఆ గుండీనే వదలడం మొదలుపెట్టాను. నీకు చెక్క పావు కూడా దండగ, గుండీతో ఆడుకో అన్నట్టు. పక్కన చాయ్ తాగేవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయన కూడా నవ్వేవాడు. కొన్నాళ్ళకు అది నాకు అలవాటైపోయింది. గుండీ ఎంత తేరగా దొరికినా ముట్టేవాణ్ణి కాదు. అన్నీ తిని, గుండీని మిగిల్చి, రాజును కట్టడం. అలా గెలిస్తేనే నాకు గెలిచినట్టు ఉండేది.

గట్టి ఆటగాడికి ఒక జబ్బు ఉంటుంది. గెలుపు కనిపించిన తర్వాత వాడికి ఆట మీద ఆసక్తి పోతుంది. చేతకానివాడికి ఆ సౌకర్యం లేదు, చివరి గడి దాకా చూస్తూ కూర్చోవాల్సిందే. ఇది ఇప్పుడు రాస్తున్నాను కానీ అప్పుడు నాకు తట్టలేదు.

చివరి ఏడాది ఆయన ఆట కొంచెం మారింది. ఆట మొదట్లోనే గుండీని ఒక్కో అడుగు ముందుకు నడపసాగాడు. ఇంకోచోట గుర్రం పోతున్నా పట్టించుకోకుండా గుండీని నడిపేవాడు. నాకు నవ్వొచ్చేది. వయసు మీద పడిందని, చూపు ఆనడం లేదని అనుకున్నాను. ఆ మాట పైకి అన్నాను కూడా. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ బొటనవేలు గాలిలో పెట్టాడు.

ఆ శనివారం కరెంటు లేదు. షట్టరు లోపలికి ఎండ బల్ల సగం దాకా వచ్చేసింది. ఆయన పుండికూర, జొన్నరొట్టె తిని చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాడు. రెండున్నర కల్లా ఆయన దగ్గర మిగిలినవి రాజు, ఒక గుర్రం, గుండీ. గుండీ నా చివరి వరసకు ఒక అడుగు దూరంలో నిలబడి ఉంది. నా రాజు అవతలి మూలలో తన మూడు ప్యాదాల వెనక హాయిగా కూర్చుంది. ఇంటి వరసలో కాపలాగా ఒక ఏనుగు ఉంది. మిగతా బలమంతా ఆయన రాజు వెంట పడింది. ఆయన గుర్రాన్ని తీసుకెళ్ళి నా ఏనుగుకు ఎదురుగా, దూరంగా పెట్టాడు. కాపు లేని గుర్రం. దాన్ని తింటే ఇక గుండీ ఒక్కటే మిగులుతుంది, అంటే నాకు ఇష్టమైన ముగింపు. గడియారం చూసుకుంటూ ఏనుగును ఆ చివరికి లాగి గుర్రాన్ని తీసేశాను.

ఆయన బొటనవేలు ఈసారి గాలిలోకి లేవలేదు. గుండీని ఒక్క గడి జరిపి, డబ్బాలోంచి తన ఏనుగును తీసి దాని చోట పెట్టాడు. ఏనుగు ఒకసారి పడిపోయింది, మళ్ళీ నిలబెట్టాడు. "షహ సార్" అని నా రాజుకు చెక్ చెప్పాడు, చాలా చిన్నగా.

నా రాజు కదలడానికి చోటు లేదు. ముందు దాని ప్యాదాలే అడ్డం. పక్క గడులన్నీ ఆ ఏనుగు దారిలో ఉన్నాయి. అడ్డం పెట్టడానికి నా పావు ఒక్కటీ అందుబాటులో లేదు. చాయ్ గ్లాసుతో నిలబడ్డవాడు ఎవరో కన్నడంలో ఆట ముగిసిందన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దర్జీ గెంతలేదు, నవ్వలేదు. బల్ల చుట్టూ తిరిగి నా వైపుకొచ్చి, నా చోట నిలబడి చూశాడు. మళ్ళీ తన చోటికి వెళ్ళి చూశాడు. ఏడేళ్ళ తర్వాత వచ్చిన దాన్ని ఆయన నమ్మలేకపోయాడు. అందుకే నన్ను అడిగాడు.

"నిజం చెప్పున్రి సార్. నేను గెల్సిన్నా, మీరే ఇడ్సిపెట్టిన్రా?"

అవును నువ్వే గెలిచావు అనడానికి ఎంతసేపు పడుతుంది? చుట్టూ నలుగురు చూస్తున్నారు. తాలూకాలో నా అంతటివాడు లేడు. నోటికి అబద్ధమే వచ్చింది.

"నేనే ఇడ్సిపెట్టిన తియ్యన్నా. ఎన్ని దినాలని ఓడ్తవు పాపం."

ఆయన తల ఊపాడు. ఆ ముఖంలో కోపం ఉంటే నాకు ఈ రోజు ఇంత బాధ ఉండేది కాదు. సందేహం తీరినవాడిలా, ఒక లెక్క సరిపోయినవాడిలా తల ఊపాడు. పావులు ఒక్కొక్కటే డబ్బాలో వేసి, చివర గుండీ వేశాడు. తర్వాత అరచేత్తో బల్ల మీది గళ్ళు తుడిచేశాడు. అంతకుముందు ఎప్పుడూ అలా తుడవలేదు. వారమంతా బట్టలు కత్తిరిస్తుంటే అవే చెరిగిపోయేవి.

తర్వాతి శనివారం వెళ్తే బల్ల నిండా యూనిఫారం గుడ్డ పరిచి ఉంది. పని ఉందన్నాడు. ఆ తర్వాతి శనివారం కూడా పనే. నేను గడప దగ్గర కాసేపు నిలబడి, ఎండ గురించో వాన గురించో మాట్లాడి బస్సెక్కేవాణ్ణి. అలక అనుకుని నాకే ఉల్టా కోపం వచ్చింది. ఒక్కసారి గెలవనిచ్చినందుకు ఇంత బెట్టా అని మనసులో అనుకున్నాను. అవును, గెలవనిచ్చినందుకు అనే అనుకున్నాను. అప్పటికి నా అబద్ధాన్ని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో బోర్డు పరిచి ఆ ఆటను మళ్ళీ పెట్టుకునేవాణ్ణి. చూసి ఉంటే ఆపగలిగేవాణ్ణని రుజువు చెయ్యాలని కూర్చునేవాణ్ణి. ఏనుగుతో గుర్రాన్ని తినకపోతే సరే. కానీ ఏడేళ్ళు గుండీని ముట్టని నేను, గుర్రాన్ని వదిలి గుండీని తినే మనిషిని కాదు. ఎన్నిసార్లు పెట్టినా నా చెయ్యి ఆ గుర్రం మీదికే పోయేది. అంటే ఆయన ఆడింది పావులతో కాదు, నాతో. అది అర్థమైన రోజు నుంచి బోర్డు తియ్యాలంటే భయం వేసింది.

ఆ ఆట తర్వాత పదిహేడో శనివారం దుకాణం మూసి ఉంది. బుధవారం నాడు మిషను ముందు కూర్చున్నవాడు గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడని, రాయచూరు తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయిందని చాయ్ దుకాణంలో చెప్పారు. నేను ఆ రోజు మూడు గంటల బస్సు ఎక్కలేదు. దాని తర్వాత వచ్చింది కూడా ఎక్కలేదు. షట్టరు ముందు అరుగు మీద కూర్చున్నాను. లోపల బల్ల మీద ఎవరో పావు ఎత్తి దింపిన చప్పుడు వినిపించింది. ఎలుక అయి ఉంటుంది. కానీ నేను తరువాతి ఎత్తు చప్పుడు కోసం ఎదురుచూశాను.

నెల గడిచాక ఆయన భార్య దుకాణం తెరిచింది. చీరలకు ఫాల్స్, బడి పిల్లల గౌనులు కుడుతోంది. ఒక శనివారం మధ్యాహ్నం లోపలికి వెళ్ళాను. ఆమె మిషను ఆపి స్టూలు చూపించింది. ఏం మాట్లాడాలో తెలియక, చదరంగం డబ్బా ఉందా అని అడిగాను. బల్ల కింద నుంచి తీసి ఇచ్చింది. ఆయన రోజూ దాన్ని తీసేవాడని, ఆట మానేశాక ముట్టలేదని చెప్పింది.

"ఏడాది పొద్దు గదే పని సార్" అందామె. "బువ్వ తిన్నంక దారం రీళ్ళు సుత పావుల లెక్క పెట్టుకొని ఒక్కడే ఆడుకునేటోడు. సారు గుండీని ముట్టడు, గందుకే దాన్నే నడిపియ్యాలె అని నాతోటి చెప్పేటోడు."

నేను ఇంట్లో కూర్చుని కనిపెట్టింది ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. మరి ఎందుకు మానేశాడు, నా మీద కోపమా అని అడిగాను. ఆమె చేతిలోని గుడ్డ మడతపెట్టింది.

"కోపమేంది సార్. సారుకు నా మీద పాపం అనిపిచ్చింది, పాపమన్నోనితోటి ఇంగేమాడాలె అన్నడు. గంతే."

నేను లేచి బల్ల మీద సుద్దతో గళ్ళు గీశాను. గీతలు వంకరగా వచ్చాయి, ఆయన గీతలు ఎప్పుడూ వంకర పోయేవి కావు. పావులన్నీ ఆ రోజు ఉన్నట్టే పెట్టాను. గుర్రాన్ని ఎలా తిన్నానో, గుండీ ఎలా జరిగిందో, నా రాజుకు ఏ దారీ ఎలా లేకుండా పోయిందో ఒక్కొక్కటీ చూపించాను. నేను వదల్లేదమ్మా, నాకు కనిపించనే లేదు, అబద్ధం చెప్పాను, ఆయనే గెలిచాడు అన్నాను. మాస్టరుననే సంగతి మరిచి ఆమె ముందు ఏడ్చాను. ఆమెకు ఆట రాదు. మర్యాద కోసం చివరిదాకా చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత నన్ను ఓదార్చినట్టే చెప్పింది.

"మీరు గిట్లనే అంటరని ఆయన ముందుగాలనే చెప్పిండు సార్. సారు మనసు పెద్దది, ఎన్నడన్న ఒచ్చి నువ్వే గెల్సినవ్ అంటడు, నమ్మొద్దు అన్నడు."

నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆమె అలాగే సార్ అంది. చాయ్ తెప్పిస్తానంది. డబ్బా తీసుకెళ్ళమంది, ఇంట్లో ఆడేవాళ్ళు లేరని. నేను తీసుకోలేదు. పావులు బల్ల మీదే వదిలి బయటికొచ్చేసరికి వెనక మిషను మళ్ళీ తిరుగుతోంది.

ఇది చదివేవాళ్ళు కూడా మాస్టరు మనసు పెద్దదనే అనుకుంటారేమోనని నాకు భయం. చనిపోయినవాడికి ఒక గెలుపు దానం చేస్తున్నాడని అనుకుంటారు. నా మాటకు సాక్షి ఆయన ఒక్కడే, ఆయన చేతే నేను అబద్ధాన్ని నమ్మించాను. ఆ ఆట ఆయన గెలిచాడు. నేను చూసుకోలేదు, ఓడిపోయాను, అబద్ధమాడాను. ఆయన బతికుండగా ఆ గడప దగ్గర నిలబడి ఈ మాట చెప్పడానికి నాకు పదహారు శనివారాలు దొరికాయి.