పోలండు దొరా, తలుపు చాటు కుండా

ముందే ఒప్పేసుకుంటున్నాను. నా మాటల్లో మూడొంతులు పొంగే. చల్లారాక అడుగున మిగిలేది నిజం.

1855. ఆనకట్ట పూర్తయి కోనసీమలో కాలవలు తవ్వుతున్న రోజులు. కొత్తపేట దగ్గర కాలవగట్టు బంగళాలో నేను బట్లరుని, అంటే దొరలకి వండి, వడ్డించి, తిట్లు తినేవాణ్ణి. తవ్వకం చూసుకోవడానికి అక్కడికొక ఓవర్సీరు దొర వచ్చాడు. ఆయన పక్కన తాటిచెట్టు సిగ్గుపడేది. ఇంగ్లీషువాడు కాదు, పోలండువాడు. తన దేశాన్ని ఆక్రమించిన రాజు మీద తిరగబడి ఓడిపోయాడట. తిరిగి వెళ్తే తల ఉండదు.

నెల తిరిగేసరికి తిండి మానేశాడు. నా కోడిపులావు వాసనకి ఏటి అవతలి ఊళ్లవాళ్లకి ఆకలేసేది, ఈయనకి మాత్రం వెయ్యదు.

"ఏం కావాలండీ దొరగారూ?" అనడిగాను.

వచ్చిన ముక్కల తెలుగులో చెప్పాడు. "మా ఊళ్లో మా అమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపేది, సుబ్బన్నా. మొద్దు బల్లలు. దూలాలకి వెల్లుల్లి జడలు, ధాన్యం వెన్నుల కట్టలు. పుల్లటి సూపు. ఆవిడ మొహం ఎప్పుడో మరిచిపోయాను. ఇప్పుడు ఆ పులుపు కూడా పోతోంది."

ఆ పులుపు ఆయన నాలుక మీదికి తేలేకపోతే నేను బట్లరునే కానని ఒట్టేసుకున్నాను.

కొబ్బరి మొద్దులు చెక్కించి బల్లలు వేశాను. రెండు బళ్ల వెల్లుల్లి దూలాలకి కట్టాను. వరికంకుల కుచ్చులు వేలాడదీస్తే జొన్నాడ నుంచి దిండి దాకా ఉన్న పిచ్చుకలన్నీ హాల్లోకి దిగాయి. చింతపండు, మామిడికాయ, గోంగూర, మొత్తం పదకొండు పులుపుల సూపులు కాచాను. దొర రుచి చూడడం, తల అడ్డంగా ఊపడం. పిండి పొట్టంలో దుంపముద్ద పెట్టి నీళ్లలో ఉడికించే వంటకం కూడా ఒకటుందన్నాడు. అదీ మొదలెట్టాను.

మా ఆవిడ సూరమ్మ నెత్తి కొట్టుకుంది. "కజ్జికాయలు నీళ్లలో ఉడకేస్తారేంటండీ? అందులో కందొకటి! దొరగారి గొంతు దురదేసి పోతారు!"

"దురదేస్తే తిన్నట్టేగదే!"

దురద వేసింది. మజ్జిగ కోసం దొర తనే వంటింటి వైపు పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు.

"ఆ వాసన ఏంటి?"

తలుపు చాటున మా తరవాణి కుండ. గంజీ, బియ్యం కడుగూ పోసి రోజుల తరబడి పులియబెట్టి, పొద్దున్నే చద్దన్నంలో పోసుకుంటాం. అతిథి కంట పడితేనే పరువు తక్కువ. అందుకే దొర వచ్చిన రోజే దాచేశాను.

"అది మా తిండండీ. తమరికి పెట్టేది కాదు."

దొర నన్ను వదిలేసి సూరమ్మ వైపు తిరిగాడు. "పెట్టమ్మా."

"ఆయ్, కూర్చోండి బాబూ," అని ఆవిడ నన్ను పక్కకి తోసి మట్టిముంతలో పోసింది. దొర నేల మీదే కూలబడ్డాడు. వెల్లుల్లి నలిపించి, ఉడికిన గుడ్డొకటి అడిగి అందులో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని తాగాడు.

"ఇదే. మా అమ్మ చేతిదే," అన్నాడు.

తర్వాత ఎందరికో వండాను. ఎవరైనా తినకపోతే మసాలా మార్చడం మానేశాను. తలుపు చాటున ఏం దాచానో ముందు చూసుకుంటాను.

ఇక కోతలెక్కడో చెప్పాలి. వెల్లుల్లి రెండు బళ్లు కాదు, ఒక బుట్ట. పిచ్చుకలు నిజం. పూర్తిగా నేను కల్పించింది దొర అన్న ఆ చివరి మాట. నిజానికి ఆయన ముంత దించి అందులోకి చూశాడు.

"దగ్గరగా ఉంది. మా అమ్మ ఇందులో ఇంకేదో వేసేది, సుబ్బన్నా."

"ఏంటండీ అది? చెప్పండి, ఎక్కడున్నా తెస్తాను."

"అదే గుర్తు రావట్లేదు," అని ముంత మళ్లీ చాపాడు.